రెండు వందల చుక్కలు

"ఆ వెబ్‌సైట్‌కి ఏం రోగమండీ? నిక్షేపంలాంటి ఫోటో పెడితే మూడుసార్లు తిప్పికొట్టింది!"

సగం వానలో, సగం కోపంలో తడిసి మా స్టూడియోలోకి వచ్చిన టీచరమ్మ మొదటి మాట అది. చేతిలో పెన్ డ్రైవ్. అందులో, పోయినేడు చనిపోయిన వాళ్ళమ్మ ఫోటో. అమ్మ పెన్షన్ నాన్నగారి పేరుకి మార్చే ఫారానికి యాభై కేబీ లోపు సైజులో కావాలట.

"సైట్‌కేం రోగం లేదు. మీ ఫోటోలో అడ్డంగా నాలుగు వేల చుక్కలు, అదే పిక్సెల్స్, ఉన్నాయి. రెండు వందలకి దించితే నోరు మూసుకుని తీసుకుంటుంది."

"మిగతా చుక్కలు?"

"పోతాయి."

"మళ్ళీ పెద్దది చేస్తే?"

"రావు. సినిమాల్లో అయితే వస్తాయి."

ఆమె ఫక్కున నవ్వింది. ఆ నవ్వే చూస్తూ సైజు దించి, సేవ్ కొట్టాను. కాపీ తీసుకోకుండా అసలు ఫోటో ముట్టుకోకూడదని తొమ్మిదేళ్ళుగా ఊరందరికీ చెప్పే పెద్దమనిషిని నేను. ఆ పూట అసలు ఫోటో మీదే కొట్టానని కూడా చూసుకోలేదు.

తర్వాత పనున్నా లేకపోయినా వచ్చేది. "ఏం పిక్సెల్ గారూ, ఇవాళ ఎవరిని కుదించారు?" అని ఏడిపించేది. మూడు నెలల్లో 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది.

ఒకరోజు పెన్ డ్రైవ్ మళ్ళీ తెచ్చింది. "నాన్న గదికి అమ్మ ఫోటో పెద్దది చేసివ్వు. నా ఫోన్ పాడయ్యాక ఇదొక్కటే మిగిలింది. నువ్వే ఇంటికి పట్టుకురా."

ఆమె వెళ్ళాక తెరిచి చూస్తే రెండు వందల చుక్కలు. ఆ రోజు అసలు ఫోటో మీదే సేవ్ కొట్టేశానన్నమాట. పెద్దది చేస్తే ముఖమంతా గళ్ళు. చెప్పేయాల్సింది. ఫోన్ తీసి, మళ్ళీ జేబులో పెట్టేశాను. చివరికి ఒక సాఫ్ట్‌వేర్‌కి అప్పగిస్తే, లేని చుక్కల్ని తన ఊహతో నింపి మెరిసిపోయే ఫోటో ఇచ్చింది. సిగ్గులేకుండా మురిసిపోయాను కూడా.

ఫ్రేము కట్టించి వాళ్ళింటికి తీసుకెళ్ళాను. వాళ్ళ నాన్నగారు కళ్ళజోడు తుడుచుకుని చాలాసేపు చూశారు.

"బాగుంది బాబూ," అన్నారు మర్యాదగా. తర్వాత కూతురి వైపు తిరిగి, "ఎవరమ్మా ఈవిడ?" అన్నారు.

ఆమె నన్ను వరండాలోకి తీసుకెళ్ళింది. అంతా చెప్పేశాను.

"ఆ రోజే చెప్పుంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. పొరపాటేగా. ఎవరినో తెచ్చి మా అమ్మంటూ చూపిస్తావా?"

"నువ్వంటే ప్రాణం. ఎక్కడ దూరమైపోతావోనని భయపడ్డాను."

"తెలుసు," అంది. "మన సంగతి నాన్నతో చెబుదామనే నిన్ను ఇవాళ రమ్మన్నాను."

లోపలికెళ్ళి ఫ్రేము తెచ్చి నా చేతిలో పెట్టింది. పెన్ డ్రైవ్ అడిగింది, ఇచ్చాను. తలుపు నెమ్మదిగానే వేసుకుంది.