పాపాయి గోడెక్కిన రోజు

"పాపాయ్, అయిందా?"

"స్నానం చేస్తున్నానక్కా."

రెండు నిమిషాలైందో లేదో మళ్ళీ తలుపు మీద వేలి చప్పుడు. "ఒకసారి పలుకు."

"పలికానుగా!"

ఆ ఇంట్లో ప్రతి ఉదయం ఇలాగే మొదలవుతుంది. స్నానాలగది తలుపుకి లోపల గడియ లేదు. ముప్ఫై నాలుగేళ్ళ కిందట పీకించేశారు. పాపాయికి ఏడో ఏట మొదలైన మూర్ఛలు పద్నాలుగో ఏట ఆగిపోయాయి. మళ్ళీ ఒక్కసారి కూడా రాలేదు. మాత్రలు మానేసి ఇరవై ఏళ్ళు దాటింది. అయినా గడియ మాత్రం తిరిగి బిగించలేదు. నలభై ఒక్కేళ్ళొచ్చినా ఆమె ఇంకా పాపాయే. సైకిలెక్కకూడదు, పొయ్యి మీది వేడినీళ్ళు దించకూడదు, ఒంటరిగా ఊరు దాటకూడదు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ జబ్బు మాట బయటివాళ్ళ చెవిన పడకూడదు. అమ్మానాన్నా పోయాక లెక్కల టీచరైన అక్క ఇల్లు నడిపిన పద్ధతి అది.

స్నానం చేసి వచ్చిన చెల్లెలు భుజానికి సంచి తగిలించుకుంది.

"ఆదివారం బైండింగ్ షాపు లేదుగా, ఎక్కడికి?"

"పోటీకి. గోడెక్కే పోటీ. కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోసం పెట్టారు. బస్టాండు పక్క హాల్లోనే, తాడు కట్టి ఎక్కిస్తారు."

అక్క చేతిలో కాఫీ గ్లాసు అలాగే ఆగిపోయింది. "నువ్వెప్పుడు నేర్చుకున్నావు?"

"మూడు నెలలుగా."

"మూడు నెలలుగా షాపులో పని ఎక్కువన్నావు!"

"అబద్ధం చెప్పాను."

తాపీగా అంది పాపాయి. ఆ హాలువాళ్ళ రిజిస్టర్లు బైండు చేసి ఇవ్వడానికి వెళ్ళినరోజు, తనకన్నా పెద్దావిడ ఒకామె సీలింగు దాకా పాకడం పాపాయి చూసింది. మర్నాడే వెళ్ళి పేరిచ్చింది. ఇరవై ఏళ్ళుగా అట్టల్లోంచి దబ్బనం లాగిన వేళ్ళు. ఎక్కడానికి గోడకి బిగించిన పట్లని అవి పట్టుకుంటే తేలిగ్గా వదిలేవి కావు.

"మతిపోయిందా నీకు? పైనుండగా వస్తే?"

"రాదు."

"వస్తేనో?"

"తాడుకి వేలాడతాను, కిందున్నవాళ్ళు దించుతారు. మన స్నానాలగది కన్నా అదే నయం."

"నేను ఒప్పుకోను. నీ కోసం పెళ్ళి కూడా మానుకున్నదాన్ని నేను!"

ఆ మాట ఆ ఇంట్లో ఇన్నేళ్ళలో ఎన్నడూ పైకి రాలేదు. అయినా పాపాయి చెప్పుల్లో కాళ్ళు పెట్టింది.

"నేనడగలేదక్కా. ఒక్కసారి కూడా అడగలేదు."

హాలంతా, చేతులు జారకుండా రాసుకునే సుద్దపొడి వాసన. పోటీలో ఉన్నవాళ్ళు పద్నాలుగు మంది, ఎక్కాల్సిన గోడలు మూడు. మొదటి రెండూ పాపాయి సగానికి పైగా ఎక్కింది. మూడో గోడ దగ్గర నడుముకి పట్టీలు బిగించుకుంటుండగా అక్క విసవిసా లోపలికొచ్చి తిన్నగా కోచ్ ముందు నిలబడింది.

"దీన్ని ఎక్కించకండి. దీనికి మూర్ఛలున్నాయి!"

ఇన్నేళ్ళు గుట్టుగా దాచిన మాటని యాభై మంది ముందు అక్కే అరిచి చెప్పింది.

కోచ్ నెమ్మదిగా అన్నాడు. "తెలుసమ్మా. మొదటిరోజే ఆవిడే చెప్పారు. డాక్టరు రాసిచ్చిన కాగితం కూడా మా దగ్గరుంది."

వరసలో వెనక నిలబడ్డ బస్సు డ్రైవరు ఒకాయన గొంతు కలిపాడు. "మాక్కూడా చెప్పారండీ. వస్తే పక్కకి ఎలా తిప్పి పడుకోబెట్టాలో మా అందరికీ నేర్పించారు."

అక్క అందరి మొహాలూ చూసింది. ఎవరూ జాలిగా చూడట్లేదు, దూరంగా జరగట్లేదు. బెంచీ మీద కూలబడింది.

"ఎక్కుతున్నాను," అంది పాపాయి.

మూడొంతులు ఎక్కాక కుడికాలు జారింది. తాడు బిగిసింది. ఆమె గాల్లో గిర్రున తిరిగి గోడకి భుజం కొట్టుకుంది.

"దించండి!" అక్క కేక.

"దించొద్దు!" పైనుంచి అంతకన్నా పెద్ద కేక.

"ఇంక మార్కులు పడవండీ, దిగిపోవచ్చు," అన్నాడు కోచ్.

"మార్కులు ఎవరిక్కావాలి?"

మోచేతులు వణుకుతున్నాయి. చెమటకి వేళ్ళు జారుతున్నాయి. ఒక్కో పట్టూ వెతుక్కుంటూ ఎక్కింది. చిట్టచివరి పట్టు మీద రెండు చేతులూ ఆనించి, కిందున్న అక్క వైపు నేరుగా చూసింది. డ్రైవరు ఈల వేశాడు.

పద్నాలుగు మందిలో పదకొండో స్థానం వచ్చింది.

పాపాయి బెంచీ దగ్గరికి రాగానే అంది అక్క. "నువ్వు జారగానే నాకు మేడ మీద పిట్టగోడ కనిపించిందే. ఎక్కుతానని మారాం చేస్తే చెయ్యి పట్టుకుని నడిపించాను. చెయ్యి వదిలేశాను. లోపలివైపే పడ్డావు, కానీ తల గచ్చుకి కొట్టుకుంది. నెల తిరక్కుండా మొదటిసారి మూర్ఛ వచ్చింది. అమ్మకి కూడా చెప్పలేదు. అదంతా నా వల్లే."

పాపాయి అక్క పక్కన కూర్చుంది.

"నువ్వు వదల్లేదక్కా. నా వేళ్ళు నొప్పెట్టేంత గట్టిగా పట్టుకున్నావు. నేనే విదిలించుకున్నాను. ఒక్కదాన్నే నడవాలనుకున్నాను."

అక్క తెల్లబోయింది. "ఇన్నేళ్ళూ చెప్పలేదేమే?"

"ఆ మాటెత్తితే నోరు మూయించేదానివి కదా. ఇదంతా నువ్వు మోస్తున్నావని నాకేం తెలుసు?"

అక్క నలుగురిలో ఉన్నానన్న ధ్యాస లేకుండా వెక్కివెక్కి ఏడ్చింది. సుద్ద అంటిన చేత్తోనే పాపాయి ఆమె వీపు నిమిరింది. ఏడుపు తగ్గాక అంది:

"బుధవారం మళ్ళీ ఇక్కడికొస్తాను. అడగడం లేదక్కా, చెబుతున్నాను."

"ఎన్నింటికి ఇంటికొస్తావు?"

"తెలీదు."

అక్క ఏదో అనబోయింది. ఆ మాట మింగేసి, కళ్ళు తుడుచుకుని, తలూపింది.