ఇది కూడా చూడుము

"ఈ సొరుగులన్నీ ఇక తీసేయొచ్చండీ," అన్నాడు కంప్యూటర్ తెర పెట్టడానికి వచ్చిన గళ్లచొక్కా, లైబ్రరీలో అడుగుపెట్టిన మొదటి రోజే.

ఆ పేరు అతనికి లైబ్రేరియన్ అప్పుడే పెట్టేసింది. సొరుగుల నిండా ఆమె ప్రాణంగా చూసుకునే కార్డులు. ఒక్కో విషయానికి ఒక్కో కార్డు. కింద గుండ్రటి అక్షరాలతో "ఇది కూడా చూడుము" అని, ఆ విషయానికి చుట్టాలైన మాటలు.

"మా తెర మీద ఒక మాట కొట్టండి. సంబంధమున్నవన్నీ దాని చుట్టూ విచ్చుకుంటాయి. గీత పట్టుకుని ఎక్కడికైనా వెళ్లొచ్చు."

"అయితే 'తీగ' అని కొట్టండి."

కొట్టాడు. కరెంటు, స్తంభం, మీటరు, ఫ్యూజు.

"మల్లెతీగ ఏదండీ? వీణ తీగ ఏది? మీ తెరకి షాకు కొట్టడం తప్ప ఇంకేం రాదా?"

గళ్లచొక్కాకి కోపం రాలేదు, అదే అతనికి వింతగా అనిపించింది.

మర్నాటి నుంచి ఆమె కార్డులు చదవడం, అతను తెర మీద ఆ మాటల మధ్య గీతలు కలపడం.

"గడియారం. ఇది కూడా చూడుము: నీడ."

"నీడకీ గడియారానికీ ఏం సంబంధమండీ?"

"గడియారాలు రాకముందు టైమ్ ఎవరు చెప్పారనుకున్నారు?"

అతనికి ఒళ్లు పులకరించింది. పొద్దున లేస్తూనే ఇవాళ ఏ మాట ఏ మాటకి చుట్టమవుతుందో అని లైబ్రరీకి పరుగెత్తేవాడు. ఒక సాయంత్రం వాన పడితే ఆమె పెద్ద నల్ల గొడుగు కింద ఇద్దరూ బస్‌స్టాపు దాకా నడిచారు. తన భుజం తడిసి ముద్దయిందని అతనికి ఇంటికెళ్లాకే తెలిసింది.

మూడు వారాలు ఇట్టే గడిచాయి. తెర ప్రారంభించిన మర్నాడే అతను వేరే ఊరి పనికి వెళ్లిపోవాలి. ఆమెకి చెప్పాల్సిన మాట మాత్రం గొంతులోనే ఉండిపోయింది.

ప్రారంభం రోజు అందరూ తెర ముందు చేరారు. కింది అంతస్తులో పుస్తకాలు బైండు చేసే పెద్దాయన, అంటే లైబ్రేరియన్ వాళ్ల నాన్న, చేతికంటిన జిగురు తుడుచుకుంటూ ముందు నిలబడ్డాడు.

"వాన అని కొట్టు బాబూ."

మేఘం, చెరువు, కప్ప, గొడుగు. గొడుగు నుంచి ఒక గీత "ఆవిడ"కి వెళ్లింది. ఆవిడ నుంచి "చెప్పాలి"కి. చెప్పాలి నుంచి "రేపు"కి. రేపు నుంచి మళ్లీ "రేపు"కే.

వాన పడిన మర్నాడు గళ్లచొక్కా గీతలు సరిగ్గా పడుతున్నాయో లేదో చూద్దామని మనసులో ఉన్న మాటలే కొట్టి, చెరపడం మర్చిపోయాడు.

అందరూ ఘొల్లుమన్నారు. పెద్దాయన మాత్రం కళ్లజోడు దించుకుని ఒక్కో మాటా చదివాడు.

"ఆ గొడుగు నాది," అని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

గది ఖాళీ అయింది. గళ్లచొక్కా తలెత్తకుండా వైర్లు చుడుతుంటే లైబ్రేరియన్ వచ్చి నిలబడింది.

"'చెప్పాలి' దగ్గర మీ గీత తప్పు పడిందండీ. నేను సరిచేశాను. 'గ' సొరుగు చూడండి."

అతను సొరుగు లాగాడు. సిరా ఇంకా ఆరని కొత్త కార్డు ఒకటి పైకి పొడుచుకుని ఉంది.

"గళ్లచొక్కా. ఇది కూడా చూడుము: మా నాన్న. కింది అంతస్తు, బైండింగ్ గది. రేపు కాదు, ఇవాళే."