నా వెనక నిలబడకు

“రేపటి నుంచి నా వెనక నిలబడకు.”

మలేషియా వచ్చాక ఫణిశ్రీ నాతో మాట్లాడిన మొదటి పూర్తి వాక్యం ఇది. రాయపూర్ నుంచి ఢిల్లీ, అక్కడి నుంచి కౌలాలంపూర్, మళ్ళీ బస్సులో ఇపో ఊరు. దారి పొడవునా పక్క సీటులోనే కూర్చుని “వాటర్ బాటిల్” అని తప్ప ఇంకేమీ అనలేదు. టోర్నమెంటు ముందు తనంతే.

“నీ వెనక నిలబడటమే కదా నా ఉద్యోగం,” అన్నాను.

అబద్ధం కాదు. మా రాయపూర్ అమ్మాయిల వాలీబాల్ జట్టుకి నేను వీడియో తీసేవాణ్ణి. కోర్టు వెనక గీత దగ్గర ట్రైపాడ్ పెట్టుకుంటాను. ఒక సెట్టు మావాళ్ళు నా ముందుంటారు, తర్వాతి సెట్టుకి అవతలి జట్టు ఇటు వస్తుంది. ఫణిశ్రీ మా కెప్టెన్. కొట్టే అమ్మాయికి బంతి లేపేది కూడా తనే. ప్రతి సర్వీసుకీ ముందు వీపు వెనక చెయ్యి పెట్టి, బంతి ఎటు లేపుతుందో వేళ్ళతో సైగ చేస్తుంది. ఆ సైగలు కనిపించేది మా జట్టుకీ, నా కెమెరాకీ.

ఆ పొద్దున్నే లీగ్ మ్యాచ్‌లో ఆతిథ్య జట్టు చేతిలో వరసగా మూడు సెట్లూ ఓడిపోయాం. బంతి ఎటు లేపినా, వాళ్ళ ఏడో నంబరు అమ్మాయి ముందే అక్కడ చేతులెత్తి నిలబడి ఉంది.

“నిన్న డైనింగ్ హాల్ బయట వాళ్ళ కెమెరా అతనికి ఏటి ఇచ్చావు?” అని నిలదీసింది ఫణిశ్రీ.

“అడాప్టర్. ఇక్కడి ప్లగ్గులు వేరు. ఛార్జింగ్ కోసం తీసుకున్నాను, తిరిగిచ్చేశాను.”

“వానలో తడుస్తూ?”

“వాన నన్నడిగి వచ్చిందా? ఇక్కడ రోజూ సాయంత్రం పడుతోంది.”

“నవ్వుతూ ఇచ్చావు. నేను చూశాను.”

“మరి ఏడుస్తూ ఇవ్వాలా?”

మామూలుగా అయితే నవ్వేది. ఈసారి నవ్వలేదు. విసురుగా లోపలికి వెళ్ళిపోయింది.

కోచ్ శివాజీ సార్ నన్ను పక్కకి పిలిచారు. “దేఖో యుగంధర్, నాకైతే డౌట్ లేదు. కెప్టెన్‌కి ఉంది. ఫైనల్‌కి వెళ్ళి మళ్ళీ వాళ్ళతోనే ఆడాల్సొస్తే, నువ్వు హోటల్లో ఉండిపో.”

హోటల్లో ఉండటానికి నాకు బాధ లేదు. కానీ రాయపూర్ రైల్వే కాలనీలో మా ఇల్లూ వాళ్ళ ఇల్లూ ఎదురెదురు. సొంత జట్టుని అమ్మేశాడన్న పేరుతో ఆ గుమ్మం ముందు ఎలా తిరగను? ఆ పేరు పెట్టింది ఇంకెవరో అయితే దులిపేసుకునేవాణ్ణి. ఫణిశ్రీ అంటే నాకు ప్రాణం. ఆ సంగతి కెమెరాకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

సెమీఫైనల్ గెలిచి వచ్చిన సాయంత్రం, లాబీలో తన ముందు ల్యాప్‌టాప్ పెట్టాను. “ఒక్కసారి చూడు. తిట్లు తర్వాత.”

చేతులు కట్టుకుని కూర్చుంది. “సౌండేదీ?”

“లేదు.”

“ఎందుకు లేదు?”

“పాడైంది. ముందు ఏడో నంబరుని చూడు. నీ వేళ్ళు ఎలాగూ ఆమెకి కనిపించవు. నువ్వు నోరు తెరవగానే కదులుతోంది. బంతి ఇంకా నీ చేతికే రాలేదు.”

అవతలి సర్వీసుని అందుకునే మొదటి పాస్ చెడితే సైగ పనికిరాదు, నోటితో అరవాలి; ఆ రోజు చాలావరకు అవే. ఆ అరుపులు తెలుగులో పెట్టింది ఫణిశ్రీయే. ముందుకి, వెనక్కి, ఎత్తుగా, నాకే. ఛత్తీస్‌గఢీ అమ్మాయిల చేత ఈ నాలుగూ బట్టీ పట్టించింది. రాయపూర్‌లో తెలుగంటే మాకు తాళం వేసిన గది. టాటీబంధ్ చౌరస్తాలో ఆటో అతని ముందే అతని బేరం గురించీ, పక్కింటివాళ్ళ ముందే వాళ్ళ కూర గురించీ ధైర్యంగా మాట్లాడుకుంటూ పెరిగాం.

“మలేషియాలో తెలుగెవరికొస్తుంది? పాగల్ హో క్యా?” అంది.

అన్నదే గానీ, మర్నాడు అన్ని జట్లకీ కలిపి పెట్టే టిఫిన్ దగ్గర ఏడో నంబరు అమ్మాయి వరసలో కనిపించగానే నా మోచెయ్యి పట్టుకుని ఆపింది. ఎటో చూస్తూ గట్టిగా అంది: “అయ్యో, ఆ ఏడో నంబరమ్మాయి షూ లేసు ఊడిపోయింది. పడిపోద్దేమో!”

ఆ అమ్మాయి చటుక్కున కాళ్ళవైపు చూసుకుంది. కాళ్ళకి ఉన్నవి చెప్పులు.

దొరికిపోయానని తెలిసి పకపకా నవ్వింది. “మాకు తెలుగు వచ్చునండి. నా పేరు బిందుమాధవి. మా ముత్తాత విశాఖపట్నం నుంచి ఇక్కడి తోటల్లో పనికి వచ్చినారు. ఇంట్లో తెలుగే. మీరు అరుస్తూ ఉంటే నేను చెవులు మూసుకొని ఆడాలా?”

ఫణిశ్రీ ముఖం ఎర్రబడింది.

“మొన్న మీ దెబ్బలాట కూడా విన్నాను,” అంది బిందుమాధవి. “ఈయన మీద అనుమానం వద్దండి. రెండో సెట్లో మా వెనకే నిలబడి, కెమెరాతో ఏమన్నారో తెలుసునా? ‘ఓడిపోతే పోనీ, ఫణి ఏడవకుండా ఉంటే చాలు. తను ఏడిస్తే నేను చూడలేను.’ అది విని నా సర్వీసే తప్పిపోయినది!”

నేను ఇడ్లీలేమైనా ఉన్నాయేమోనని చాలా శ్రద్ధగా వెతకసాగాను.

“సౌండ్ పాడైందన్నావు?” అంది ఫణిశ్రీ మెల్లగా.

తను తిన్నగా శివాజీ సార్ దగ్గరికి వెళ్ళి, కెమెరా లోపలికి రావాల్సిందేనని చెప్పింది.

ఫైనల్లో అరుపులన్నీ ఛత్తీస్‌గఢీలోకి మార్చేశారు. ముందుకి అంటే ఆఘూ, వెనక్కి అంటే పాఛూ. సొంత భాష వచ్చేసరికి మా అమ్మాయిలు రెచ్చిపోయారు. ఏడో నంబరు రెండుసార్లు ఖాళీ గాలిలో ఎగిరింది. అయినా సెట్లు రెండు రెండు సమానమయ్యాయి.

ఐదో సెట్టుకి మావాళ్ళు నావైపు వచ్చారు. ఫణిశ్రీ చెమట తుడుచుకుంటూ కెమెరా దగ్గర ఆగింది.

“నా వెనకే నిలబడు. ఇక్కడే కాదు, రాయపూర్ వెళ్ళాక కూడా. ఎప్పుడూ.”

అదీ తెలుగులో, హాలంతా వినిపించేలా.

“మెల్లగా!” అన్నాను కంగారుగా. “ఆమెకి అర్థమైపోద్ది.”

“అవనీ. రేపు నువ్వు మాట మారిస్తే నాకు సాక్షి ఉండొద్దా?”

“విన్నానండీ!” అని నెట్ అవతల నుంచి బిందుమాధవి చెయ్యి ఊపింది.

ఆ సెట్టు గెలిచాం. వీడియో మాత్రం లేదు. ఆ మాట విన్నాక రికార్డు బటన్ నొక్కడం మర్చిపోయాను.

“మర్చిపోయావా, వాళ్ళకి అమ్మేశావా?” అంది ఫణిశ్రీ, పట్టుకున్న నా చెయ్యి వదలకుండా.