టెంకాయ నిలబడిన చోటు

పొన్నూ, ఆ ఫోన్ కింద పెట్టి నా పక్కకు రా. నా గొంతు పెద్దగా లేవదు, ఆనుకుని కూర్చుంటేనే వినబడుతుంది. మీ శ్రీరంజని అత్త పెళ్ళి ఎలా కుదిరిందో మీ నాన్న సగమే చెప్పి ఉంటాడు. మిగతా సగం నా దగ్గర ఉంది.

మీ తాత రత్నసభాపతి, అంటే నా కొడుకు, ఉడుమలైపేట చుట్టుపక్కల టెంకాయతో నీళ్ళు చూసే మనిషి. అరచేతిలో టెంకాయను పడుకోబెట్టుకుని తోటంతా నడుస్తాడు. కింద నీళ్ళున్న చోట అది లేచి నిలబడుతుంది, అక్కడ బోర్ వేస్తారు. నీళ్ళు పడితే టెంకాయ గొప్ప. పడకపోతే బోర్ బండివాడి తప్పు. ఆ పేరు తలకెక్కి, ఆవును కొనాలన్నా ఇంటికి రంగు వేయాలన్నా వాడు టెంకాయనే అడిగేవాడు.

మీ అత్త ప్లస్ టూలో మంచి మార్కులు తెచ్చుకుంది. తండ్రి ఇంజనీరింగ్ అన్నాడు, కూతురు ఫిజిక్స్ అంది. ఇంట్లో ఎవరో పోయినట్టు చుట్టాలందరూ దిగారు. ఫిజిక్స్ చదివితే టీచర్ అవుతుందని ఒకరు, టీచర్ అయితే మొగుడి తప్పులు దిద్దుతుందని ఇంకొకరు బాధపడ్డారు. ఆ బాధపడ్డవాళ్ళ ఇళ్ళల్లో అందరూ ఇంజనీర్లే. ఒకడు కోయంబత్తూరులో సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నాడు. ఒకడు బిర్యానీ పొట్లాలు ఇళ్ళకు చేరుస్తున్నాడు. ఇంకొకడికి ఏ పనీ దొరక్క ఇంజనీరింగ్ కాలేజీలోనే పాఠాలు చెబుతున్నాడు.

ఆ పంచాయతీ నడుస్తుండగానే నందకుమార్ వచ్చాడు. ఇంట్లో కూర్చుని ఫోన్‌తోనే మోటార్ వేసుకునే స్టార్టర్లు ఉన్నాయి కదా, అవి బిగించే పిల్లవాడు, మన మోటార్‌కు ఒకటి పెట్టడానికి వచ్చాడు. వాడూ బీ.ఈ. చదివినవాడే. వానలో ముద్దగా తడిసి, చెప్పులు చేత పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. మీ అత్త తువ్వాలు ఇవ్వలేదు, ప్రశ్న ఇచ్చింది. మోటార్ తిరగడం మొదలైనప్పుడు కరెంట్ అంత ఎక్కువ ఎందుకు లాగుతుందని అడిగింది.

"అది నాలుగో సెమిస్టర్‌లో ఉండింది" అన్నాడు వాడు జుట్టు పిండుకుంటూ. "పాసైపోయినాను. ఇప్పుడేం అడిగినా లాభం లేదు."

ఇంజనీరే నడిచి ఇంటికొచ్చాడని మీ తాతకు సంతోషం. పిల్లకు నాలుగు మంచి మాటలు చెప్పి దారిలో పెట్టమన్నాడు. వాడు ఆ మాటలు చెప్పనే చెప్పాడు.

"అయ్యా, ఏ వయరు ఎక్కడ పెట్టాలో నాకు నేర్పినారు. ఎందుకు పెట్టాలని అడిగితే మార్కులు కోసినారు. ఈమె ఎందుకు ఎందుకని అడగతా ఉండారు. ఫిజిక్సే చదవనీండి."

తాత ముఖం మాడిపోయింది. టెంకాయే తేలుస్తుందని వసారాలో ఒక పక్క ఫిజిక్స్ పుస్తకం, ఇంకో పక్క స్పానర్ పెట్టించాడు. స్పానర్ దగ్గరకు రాగానే టెంకాయ కోడిపుంజులా లేచి నిలబడింది. చుట్టాలు చేతులు జోడించారు.

మీ అత్త మాత్రం తండ్రిని కళ్ళకు గంతలు కట్టుకుని ఇంకొకసారి నడవమంది. తాత కట్టుకున్నాడు. అది చప్పుడు కాకుండా పుస్తకాన్నీ స్పానర్‌నూ ఒకదాని చోట ఇంకొకటి పెట్టేసింది. టెంకాయ ముందు నిలబడిన చోటే మళ్ళీ నిలబడింది. గంతలు విప్పితే వాడి కాళ్ళ దగ్గర ఫిజిక్స్ పుస్తకం.

"మోసం చేసినావు పాపా."

"నేను జాగానే మార్చినాను నాయనా. టెంకాయకు తెలియాల గదా? దాన్ని లేపేది మీ చెయ్యి. మీ మనసు దేన్ని కోరుకుంటే చెయ్యి దాని దగ్గర వంగతాది, మీకు చెప్పకుండా."

టెంకాయ తప్పిందని ఒప్పుకుంటే ఊళ్ళో బోర్లన్నీ ఏమైపోవాలి? టెంకాయ ఫిజిక్స్ చెప్పిందని తాత చుట్టాలకు తనే చాటి చెప్పాడు.

మీ అత్త ఫిజిక్స్ చదవడానికి కోయంబత్తూరు హాస్టల్‌లో చేరింది. చదువు ఆఖరి ఏడు వచ్చేసరికి, అది ఇంటికొచ్చిన ప్రతి శనివారం మన స్టార్టర్ చెడిపోవడం మొదలైంది. నందకుమార్ బండేసుకుని వచ్చేవాడు. మోటార్ షెడ్‌లో ఫ్యూజు పీకి దుపట్టా కొనకు ముడి వేసుకున్నది ఎవరో నేను చూశాను. శనివారమే ఎందుకు చెడిపోతోందే అని అడిగితే, అది ఫిజిక్స్ అవ్వా అంది.

షెడ్‌లో వాడికి ఆ పాత ప్రశ్నకు జవాబు నేర్పింది. నేను బయట టెంకాయ పీచు ఏరుకుంటున్నాను, చెవులు మూసుకుని ఏరలేను కదా.

"మొదట్లో ఎక్కువ లాగతాది, తిరగడం మొదలైనాక తగ్గిపోతాది. ఇంతేగదా?" అన్నాడు వాడు. చేతిలో టెస్టర్‌ను తిప్పుతూ, "నాకు తగ్గలేదు" అన్నాడు.

అది దుపట్టా ముడి విప్పి ఫ్యూజు వాడి చేతిలో పెట్టింది.

వాళ్ళిద్దరి సంగతి తెలిసి తాత మండిపడ్డాడు. అల్లుడు ఇంజనీరే కావాలన్నాడు. వాడు ఇంజనీరే గదా అంటే, ఇంజనీరింగ్‌ను తక్కువ చేసినవాడు ఎలా ఇంజనీరవుతాడన్నాడు. అయినా వాడు వస్తే నోరు తిట్టేది, చెయ్యి మాత్రం మంచి లేత ఎళనీరు బోండాం వెతికి కొట్టి ఇచ్చేది. ఆ సంగతి తాతకు తెలియదు.

ఒక ఆదివారం వసారాలో పెళ్ళికొడుకుల ఫొటోలు వరసగా పరిచి తాత టెంకాయ పట్టుకున్నాడు. అందరూ జీతాలున్న ఇంజనీర్లే. మీ అత్త స్తంభానికి ఆనుకుని నిలబడింది. ఏ ఫొటో దగ్గరా టెంకాయ కదల్లేదు. విసుగొచ్చి తాత గుమ్మం వైపు తిరిగాడు. అక్కడ నందకుమార్, మొదటిరోజులాగే చెప్పులు చేత పట్టుకుని నిలబడి ఉన్నాడు. టెంకాయ నిటారుగా లేచి నిలబడింది.

"ఇక్కడ కింద నీళ్ళుంటాయి" అన్నాడు తాత.

"అయితే బోర్ బండిని పిలవమంటారా నాయనా?" అంది మీ అత్త.

తాత టెంకాయను చూశాడు. ఆ పిల్లవాణ్ణి చూశాడు. చివరికి తన చెయ్యి చూసుకున్నాడు. అది ఇంకా వంగే ఉంది.

"బోర్ వద్దు" అన్నాడు. "పందిరి గుంజకు గుంట తీయించండి."

ఇదే పొన్నూ కథ. రేపొకరోజు నువ్వేం చదవాలో తేల్చడానికి చుట్టాలు ఇదే వసారాలో చేరతారు. అప్పుడు నేనుంటానో లేదో, ఇది గుర్తుపెట్టుకుని వాళ్ళకు చెప్పు, నీ పిల్లలకూ చెప్పు. ఫ్యూజు సంగతి మాత్రం మీ తాత పక్కన లేనప్పుడు చెప్పు. ఆ స్టార్టర్ కంపెనీని వాడు ఇప్పటికీ తిడుతున్నాడు.