బానెట్ అవతల గొంతు

నేనెప్పుడూ ఏదీ రాయలేదు. చదివింది అయిదో తరగతి. నలుగురిలో నోరు తెరవాలంటేనే సిగ్గు. ఇది మాత్రం ఎవరికీ చెప్పుకోలేక రాస్తున్నాను. తప్పులుంటే ఏమీ అనుకోకండి.

మా ఆయన కార్ల ఎలక్ట్రీషియన్. ఇంటి ముందున్న రేకుల షెడ్డే మా దుకాణం. ఈమధ్యే ఆయన గుండెకి స్టెంట్ వేశారు. అప్పట్నుంచి బరువులు ఎత్తడం, పనిలో చెయ్యందించడం నా వంతు.

ఆ సాయంత్రం ఒకాయన బూడిదరంగు కారుని తోయించుకుంటూ వచ్చాడు.

"రాత్రి ఆపితే పొద్దునకి బ్యాటరీ డౌనైపోతోంది. కొత్తది వేసినా అంతే. మా నాన్న ఇందులోనే పోయారు. అప్పట్నుంచీ ఇదే వరస," అన్నాడు. డ్రైవరు సీటు వైపు చూడకుండానే తాళాలిచ్చి వెళ్ళిపోయాడు.

మా ఆయన వేరే బ్యాటరీ తగిలించి, ఇంజను స్టార్ట్ చేసి మీటరు పెట్టారు. పధ్నాలుగు వోల్టులు చూపించింది, అంటే చార్జింగు బాగానే ఎక్కుతోంది.

"డైనమో భేషుగ్గా ఉందే. బండి ఆపాక ఏదో దొంగతనంగా కరెంటు తాగుతోంది."

దొంగని పట్టడానికి మాకో పద్ధతుంది. బ్యాటరీకున్న ఒక వైరు విప్పి, ఆ సందులో చిన్న బల్బు పెడతాం. బండి ఆపేసినా బల్బు వెలిగిందంటే ఏదో తాగుతున్నట్టే. ఆయన లోపల కూర్చుని ఫ్యూజులు ఒక్కోటీ పీకుతారు. నేను బల్బు చూస్తుంటాను. లేపిన బానెట్ అడ్డం, ఒకరికొకరం కనపడం. ఆయన "ఆరిందా?" అంటారు, నేను "లేదు" అంటాను. "ఆరింది" అన్నానంటే దొంగ దొరికినట్టే, పని అయిపోయినట్టే. "సరే, వస్తున్నా" అని దిగుతారు.

వాన మొదలైంది. రేకుల మీద ఒకటే మోత. కరెంటు పోయింది. కారులోంచి మాగిన సీట్ల వాసన. చీకట్లో ఆ బల్బు ఒక్కటే.

"ఏమండీ ఇంజినీరుగారూ, ఆరిందా?"

"లేదు. వేళాకోళం ఆపి పని చూడండి."

"ఇప్పుడో?"

"లేదండీ."

బల్బు నిలకడగా వెలగడం లేదు. కాస్త పెరుగుతోంది... కాస్త తగ్గుతోంది... నిద్రపోయే మనిషి ఊపిరిలాగా.

"ఆరిందా?"

"లేదు."

గొంతు బొంగురుపోయింది. వేళాకోళం కూడా మానేశారు. వంగొద్దని డాక్టరు మొత్తుకున్నాడు, ఈయన వింటేగా!

"ఆరిందా?"

"లేదు."

"ఆరిందా...?"

ఆ గొంతులో నీరసం విని నా ప్రాణం ఉసూరుమంది. కారు ఏమైపోతే నాకేం, ఈ మనిషి వచ్చి పడుకుంటే చాలు. బల్బు వెలుగుతూనే ఉంది. అయినా అబద్ధం చెప్పాను.

"ఆరింది."

తర్వాత మెల్లగా...

"సరే. వస్తున్నా."

కారు తలుపు తెరుచుకుంది. బల్బు టక్కున ఆరిపోయింది.

అప్పుడు నా వెనక, ఇంటి గుమ్మంలోంచి, మా ఆయన గొంతు.

"ఎవరితోనే మాట్లాడుతున్నావ్?"

ఆయన చేతిలో నీళ్ళ గ్లాసు.

"మీరు... ఎప్పుడు దిగారు?"

"గుండె పట్టేసినట్టుంది, మాత్ర వేసుకొస్తానని చెప్పే వెళ్ళానుగా. వానలో వినపడలేదా? చాలాసేపైంది."

ఇద్దరం పక్కకొచ్చి చూశాం. డ్రైవరు వైపు తలుపు బార్లా తీసుంది. ఎవరూ లేరు. సీటు మాత్రం, అప్పుడే ఎవరో లేచినట్టు, మెల్లగా పైకి పొంగుతోంది.

మా ఇద్దరి మధ్య నుంచి, మాగిన సీట్ల వాసన ఇంట్లోకి వెళ్ళింది.

బ్యాటరీ వైరు మళ్ళీ బిగించి, మళ్ళీ వెలిగితే తెలుస్తుందని బల్బుని పట్టుకొచ్చి పడకగది మేకుకి తగిలించి, తలుపులన్నీ వేశాను. ఎవరిని బయట ఉంచడానికో నాకే తెలీదు.

పొద్దున తాళం తిప్పగానే కారు స్టార్టయింది. కారు తెచ్చినాయన సంబరంగా తోలుకుపోయాడు. మా ఆయన మంచం దిగలేదు.

"ఏం లేదే... సత్తువంతా ఎవరో లాగేసినట్టుంది," అన్నారు.

ఫోను చూస్తే చార్జింగు లేదు. గోడ గడియారం ఆగిపోయి ఉంది. పక్కింటాయన్ని డాక్టరు కోసం పరిగెత్తించి, వచ్చి మంచం పక్కన కూర్చున్నాను. తలెత్తి చూశాను.

మేకుకి వేలాడుతున్న బల్బు వెలుగుతోంది. దాని వైర్లు రెండూ గాల్లోనే ఉన్నాయి. ఆయన ఊపిరి పీలిస్తే పెరుగుతోంది... వదిలితే తగ్గుతోంది...

మంచం కింద నుంచి ఆ బొంగురు గొంతు వినిపించింది. ఆయన పెదవులు కదల్లేదు.

"ఆరిందా?"

బల్బు మీంచి చూపు తిప్పకుండా, "లేదు," అన్నాను.