మిర్యాలగూడలో సముద్రం

"చేపలకేం రోగం లేదు. రోగమంతా వీటి ఓనర్‌కున్నది" అంది విజయ, గాజు తొట్టి ముందు నుంచి లేవకుండానే.

ఆ ఓనర్ నితిన్ ఆమె వెనకే కాఫీ కప్పు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

మిర్యాలగూడలో రైస్ మిల్లు ఉన్నవాళ్లింట్లో ఏదో ఒక వింత ఉండి తీరాలి. ఒకరింట్లో మనిషెత్తు గడియారం. ఇంకొకరింట్లో ఎవరూ ఎక్కని ట్రెడ్‌మిల్. రామలింగం గారింట్లో సముద్రం. ఆయన సుపుత్రుడు నితిన్ హాల్లో గోడ పొడవునా తొట్టి కట్టించి, ఫిల్టర్ నీళ్లలో ప్యాకెట్ ఉప్పు కలిపి, సముద్రపు చేపలు తెప్పించాడు. యూట్యూబ్ వీడియోలు నాలుగు చూసి తనకన్నీ తెలుసనుకున్నాడు. నిన్న నీలిచేప చచ్చిపోయింది. ఇక మిగిలినవి నారింజ రంగు చారల చేపలు రెండే, అవీ పైకొచ్చి రొప్పుతున్నాయి. అప్పుడు గుర్తొచ్చింది అయ్యగారికి, తెలిసినవాళ్లను అడగొచ్చని.

తెలిసిన మనిషి సూర్యాపేటలో దొరికింది. విజయ ఫిషరీస్ చదివి, బస్టాండ్ దగ్గర అక్వేరియం షాపు పెట్టుకుంది. ఆమె నోటికి భయపడి సగం మంది ఆ షాపు గడప తొక్కరు. చేపలు బతకాలనుకునే మిగతా సగం మంది తలొంచుకుని వస్తారు.

"వైట్ స్పాట్, తెల్ల మచ్చల రోగం అనుకున్న మేడం. కోదాడలో ఒకాయన మందిస్తే వేసిన" అన్నాడు నితిన్.

"స్పాట్లేవి మరి?"

"రాలేదు. రాకముందే వేసిన."

"జరం రాకముందే సెలైన్ ఎక్కించుకుంటరా మీరు?"

నితిన్ కాఫీ తనే తాగేశాడు.

"మొప్పలు ఎట్ల కొట్టుకుంటున్నయో సూడుండ్రి. ఊపిరాడతలేదు వాటికి. ముందు నీళ్లు సూడాలె, తర్వాత చేపను సూడాలె. మీరంత ఉల్టా చేస్తరు."

ఆమె ఉప్పు కొలిచే చిన్న గొట్టం తీసి, అద్దం మీద నీటిచుక్క వేసి, కిటికీ వెలుగులో కన్ను పెట్టి చూసింది. మళ్లీ కడిగి మళ్లీ చూసింది.

"సముద్రంల గూడ ఇంత ఉప్పుండదు. తొట్టిల నీళ్లు ఆవిరైతయ్, ఉప్పు కాదు. తగ్గినకాడికి ఉత్త మంచినీళ్లు పోయాలె. మీరు ఉప్పునీళ్లు పోస్తున్నరు."

"లేదు మేడం, ఫిల్టర్ నీళ్లే పోస్తున్న."

"మరి ఉప్పు యాడికెళ్లొచ్చింది? బందరు నుంచి పైప్‌లైన్ ఏసుకున్నరా?"

"నాకు నిజంగ తెల్వదు."

విజయ సంచి సర్దుకుంది. "అందరూ గిదే అంటరు. తెల్వక చంపినోళ్ల మీద నాకు కోపం లేదు. అబద్ధమాడేటోళ్లంటేనే మంట. రోజింత మంచినీళ్లు పోసి ఉప్పు మెల్లగ తగ్గించు. ఒక్కసారే తగ్గిస్తే ఇవి గూడ పోతయ్. నిజం చెప్పబుద్ధైననాడు ఫోన్ చెయ్."

మర్యాద అక్కడికి ఖతమైంది. బయట వాన. నితిన్ గొడుగు పట్టుకుని గేటు దాకా ఉరికాడు. ఆమె ఆ గొడుగు లాక్కుని, తన కిట్ సంచి తడవకుండా పట్టుకుని, తాను తడుస్తూ ఆటో ఎక్కింది.

ఇంత తిట్టించుకున్నవాడికి సిగ్గు రావాలి. నితిన్‌కు ప్రేమ వచ్చింది. మిల్లులో కూర్చుని, పైప్‌లైన్ మాట తలచుకుని నవ్వుకుంటుంటే హమాలీలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఆమె చెప్పినట్టే మంచినీళ్లు పోశాడు. ఉప్పు మాత్రం తగ్గలేదు. సంగతేమిటో మర్నాడు సాయంత్రం దీపాలు పెట్టే వేళ తెలిసింది.

నానమ్మ సీతమ్మ పిడికిట్లో ఉప్పూ ఆవాలూ పట్టుకుని తొట్టి ముందు నిలబడింది. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, మిల్లుకొచ్చినోళ్ల దిష్టి" అంటూ చేపల చుట్టూ తిప్పింది. దిష్టి తీసిన ఉప్పు నీళ్లలో కరగాలి కదా. ఇంట్లో ఇన్ని నీళ్లుండగా మోకాళ్ల నొప్పులతో పెరట్లోకి ఎవరు పోతారు? పైగా అవి ఉప్పునీళ్లే. పిడికిలి తొట్టిలోనే విప్పింది. చేపలు డీలా పడేకొద్దీ దిష్టి గట్టిదనుకుని, ఆ మహాతల్లి పిడికిలి కూడా పెద్దది చేసింది.

"ఏం చేస్తున్నవ్ నానమ్మా?"

"వీటినన్న బతికించుకుందాం బిడ్డా. నీలిదాన్ని కాపాడలేకపోతి" అంది సీతమ్మ, కళ్లు తుడుచుకుంటూ.

ఉప్పు ఎక్కడి నుంచి వచ్చిందో నితిన్‌కు తెలిసిపోయింది. దాన్ని నువ్వే చంపావని ఈ ముసలిదానికి ఎవరు చెప్తారు? విజయకు తెలిస్తే ఆమె చెప్తుంది. కడిగి మరీ చెప్తుంది. చెప్పకపోతే విజయ దృష్టిలో తాను ఎప్పటికీ అబద్ధాలకోరే. ఆమె రాకపోతే చేపలు చస్తాయి. కాసేపు ఫోను చేతిలో తిప్పి తిప్పి, చివరికి కలిపాడు.

"నువ్వన్నదే నిజం. ఉప్పునీళ్లు నేనే పోసిన."

"నిన్ననే చెప్పొచ్చు గద" అంది విజయ. ఆ గొంతులో కోపం లేదు, అసహ్యం ఉంది. నితిన్‌కు కోపమే నయమనిపించింది. "వచ్చి ఆ రెండింటిని బతికిచ్చి పోత. గంతే. మళ్ల నాకు ఫోన్ చెయ్యకు."

తెల్లారి వచ్చింది. నితిన్ వైపు చూడకుండా పైపు పెట్టి తొట్టి అడుగు ఇసుక శుభ్రం చేయసాగింది. నీళ్లతోపాటు నల్లటి గింజలేవో బకెట్లో పడ్డాయి. తీసి అరచేతిలో పెట్టుకుంది.

"ఇవేంది?"

"ఇసుక."

"ఆవాలు తెల్వవా నాకు? చేపలకు పోపు పెట్టినవా?"

నితిన్ నానమ్మ ఉన్న వంటింటి వైపు ఒకసారి చూశాడు. విజయ ఆ చూపు పట్టుకుంది. చేతిలో ఆవాలను మళ్లీ చూసుకుంది. పెన్‌పహాడ్‌లో వాళ్లమ్మ గొర్రెల మందకు అచ్చం ఇలాగే దిష్టి తీస్తుంది.

"మొన్న నిజం చెప్పినవ్, నేను నమ్మలే" అంది మెల్లగా. "నిన్న అబద్ధం చెప్తే నమ్మిన. ఎందుకు చెప్పినవ్?"

"నీ నోరు నాకెరుకే. నన్నంటే పడ్త. ఆమెనంటే పడలేను."

విజయ ఆవాలను గుప్పిట్లో మూసింది. అంతలో వంటింటి గడపలో సీతమ్మ. ఎంతసేపటి నుంచి నిలబడిందో.

"ఆ ఉప్పు నాదే బిడ్డా" అంది. "నీలిది నా వల్లనే పోయిందా?"

నితిన్ విజయ వైపు చూశాడు. ఈ పిల్ల అబద్ధమాడదు. షాపుకొచ్చినవాళ్ల మొహం మీదే నిజం కొట్టి పంపే మనిషి.

విజయ లేచి చేతులు తుడుచుకుంది. "కాదమ్మమ్మా. తెచ్చిన్నాడే దానికి లోపల రోగముండె. నువ్వు దిష్టి తీసినందుకే గిన్నొద్దులు నిలబడ్డది."

పచ్చి అబద్ధం. ఆ చేప గుండ్రాయిలా ఉండేది.

"సముద్రంల పుట్టినయి గద, వీటికి ఉప్పుతోటి తీస్తే దిష్టి అంతగ పోదు" అని సర్దింది. "మంచినీళ్లతోటి తియ్యాలె. ఫిల్టర్ నీళ్లు చెంబెడు పట్టి, తిప్పి, తొట్టిల పోయి. మా అమ్మ నీ లెక్కనే గొర్లకు తీస్తది."

"గట్లనా తల్లీ" అని, మొహం వెలిగి, సీతమ్మ చెంబు కోసం లోపలికి పోయింది.

విజయ చెవులు ఎర్రబడ్డాయి. పైపు ఎక్కడ పెట్టిందో వెతుక్కుంటోంది, అది చేతిలోనే ఉంది.

"విజయా, నువ్వంటే నాకిష్టం. ఇది అబద్ధం కాదు" అన్నాడు నితిన్.

"నీ మొహం. అబద్ధం ఆడొస్తదా నీకు? ఇసుకంట, ఇసుక" అంది తల ఎత్తకుండా. కాసేపటికి గొంతు తగ్గించి, "ఇప్పుడు నేనాడిన అబద్ధం ఆమె ఉన్నన్నొద్దులు నిలబెట్టాలె. దూరం నుంచి వచ్చిపోయేటోళ్లతోటి కాదు ఆ పని. ఇంట్ల ఉండాలె" అంది.