స్విచ్ ఆపినా వెలిగే బల్బు

మా దీవిలో, బతు బస్తీ చర్చి వెనక ఎత్తుదారిలో మేరీ ఇల్లుంది. మొన్నమొన్నటిదాకా చీకటి పడితే ఆటోవాళ్లు అటు వచ్చేవారు కాదు. "కల్ సుబే", రేపు పొద్దున చూద్దాం అనేసి బండి తిప్పేసేవారు. నేను దెయ్యాల్ని నమ్మను. నమ్మను గానీ, ఆ మలుపులో స్కూటర్ ఎప్పుడూ ఆపలేదు.

తాళం వేసిన ఆ ఇంట్లో లైటు వెలిగేది. పూర్తిగా కాదు... ఆరిపోయే బొగ్గులా, సన్నగా — రాత్రంతా.

మేరీ పోయి ఏడాది. ఆ రోజు పాత పసుపు బల్బు మాడిపోతే, స్టూలెక్కి కొత్త ఎల్‌ఈడీ పెట్టింది. పక్కింటివాళ్లు వచ్చేసరికి కింద పడి ఉంది. స్విచ్ ఆపే ఉంది. కాబట్టి కరెంటు కాదు, కాలు జారిందన్నారు. భర్త దేవకుమార్ వైర్‌మన్; ఆ ఇంటికి వైరింగ్ చేసింది అతనే. తాళం వేసి, తుష్నాబాద్‌లో అన్న దగ్గరికి వెళ్లిపోయాడు. కరెంటు మాత్రం తీయించలేదు.

లైటు సంగతి అతని చెవిన పడింది. ఊరంతా భయపడితే అతనొక్కడే సంబరపడ్డాడు, పాపం. పోయిన నెల ఒక రాత్రి తన తోటి వైర్‌మన్ నూకన్నని వెంటబెట్టుకుని వచ్చాడు. ఇక్కణ్ణుంచి నూకన్న నాకు చెప్పిందే చెబుతున్నాను.

తలుపు తీశారు. గది మధ్యలో ఆ బల్బు... వెలుగుతోంది.

"మేరీ..." అని గుసగుసగా పిలిచాడు దేవకుమార్. "వచ్చాను. నాకోసమే కదా పెట్టావు?"

నూకన్న గోడ తడిమి స్విచ్ చూశాడు — ఆపే ఉంది.

"భయ్యా... చలో, పోదాం."

"ఉండు. ఒక్కసారి ముట్టుకుంటాను."

అదే స్టూలెక్కాడు. చెయ్యి చాచాడు... ఆగాడు. ఇరవై ఏళ్ల అలవాటు — జేబులోంచి టెస్టర్ తీసి, వదులైన ఆ హోల్డర్ ఇత్తడి రింగుకి ఆనించాడు.

టెస్టర్ వెలిగింది.

దానర్థం వాళ్లకి చెప్పనక్కర్లేదు, మనకి చెప్పాలి. బల్బుకి రెండు తీగలుంటాయి. కరెంటు వచ్చే ఎర్ర తీగ ఫేజ్, తిరిగి వెళ్లే నల్ల తీగ న్యూట్రల్. స్విచ్ ఫేజ్‌కే పెట్టాలి. పొరపాటున న్యూట్రల్‌కి పెడితే, స్విచ్ ఆపగానే బల్బు ఆరుతుంది — కానీ హోల్డర్ దాకా కరెంటు వచ్చి కూర్చునే ఉంటుంది. గోడ చెమ్మలోంచి, పక్క తీగలోంచి రవ్వంత కారుతూ ఉంటుంది. పసుపు బల్బుకి ఆ కాస్త చాలదు. ఎల్‌ఈడీ మిణుకుమనడానికి చాలు.

"వైరింగ్ చేసిన వారం ఎర్ర తీగ లేదు, నూకన్నా..." అన్నాడు దేవకుమార్. "షిప్ లేట్. దుకాణంలో నల్ల చుట్టలే ఉన్నాయి. క్రిస్మస్‌కి ఇంట్లో దిగాలని మేరీ ఒకటే గొడవ. రెండూ నల్లవే లాగేశాను. ఏది ఏదో చూసుకోలేదు..."

మెయిన్ ఆపాడు. నూకన్న ఫోన్ లైటు పడితే తీగలు మార్చాడు. పని సరిగానే చేశాడు. మళ్లీ మెయిన్ వేశాడు.

ఈసారి బల్బు మిణుకుమనలేదు. గదంతా చీకటి.

ఆ చీకట్లోనే స్టూలు మీద కూర్చుండిపోయాడు.

"స్విచ్ ఆపకుండా బల్బు ముట్టకే అని రోజూ పోరేవాణ్ణి," అన్నాడు. "విసుక్కునేది..."

నూకన్న అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"నా మాట వింది, నూకన్నా. ఆపే ఎక్కింది."